ఫుట్‌బాల్ గేముల్లో ఫార్మేషన్లు: అపోహలు - వాస్తవాలు

భీమవరంలో గేమింగ్ పార్లర్ నడుపుతున్నాను. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర కనబడని కుర్రాళ్లంతా మా షాపులోనే ఉంటారు. ఈఫుట్‌బాల్, ఈఏ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ వీడియో గేములు, ఈ రెండింటి మీదే గొడవంతా. ఓడినవాడు ముందు కంట్రోలర్‌ని తిడతాడు, తర్వాత ఫార్మేషన్‌ని, అంటే మైదానంలో ఆటగాళ్లను నిలబెట్టే అమరికని. డిఫెన్స్ నుంచి ముందుకు ఒక్కో వరసలో ఎందరో 4-2-4 లాంటి అంకెల్లో చెబుతారు. రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: యూట్యూబ్‌లో పెద్ద ప్లేయర్ వాడే ఫార్మేషన్ దింపుకుంటే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ వినేది ఇదే. మొన్న ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"అన్నా, 4-2-1-3 అచ్చు గుద్దినట్టు దింపాను. అయినా మధ్యలోంచి వచ్చేస్తున్నారు."

"యాంకర్ మ్యాన్‌ని ఎక్కడ పెట్టావురా?"

"సీఎంఎఫ్‌లో, మిడ్‌ఫీల్డ్ మధ్యలో అన్నా. రేటింగ్ అక్కడ కూడా బానే చూపిస్తోందిగా."

రేటింగ్ బానే చూపిస్తుంది. కానీ ఈఫుట్‌బాల్‌లో యాంకర్ మ్యాన్ అనే ప్లేయింగ్ స్టైల్ (ఆటగాడు ఆడే తీరు) డీఎంఎఫ్‌లో, అంటే డిఫెండర్లకు కాస్త ముందుండే చోట ఉంటేనే పనిచేస్తుంది. కాస్త ముందుకు జరిపి సీఎంఎఫ్ చేశామా, అతను మామూలు మిడ్‌ఫీల్డర్ అయిపోతాడు. డిఫెండర్ల ముందు కాపలా ఉండాలన్న ధ్యాసే ఉండదు. వేళ్లతో అతన్ని కిందికి లాగి, పక్కవాణ్ణి కొంచెం పైకి జరిపించాను. ఫార్మేషన్ పేరు మారిపోయిందని వాడికి బెంగ. మధ్యలో దారి మూసుకుంది కదా, పేరుతో పనేముంది?

స్క్రీన్ మీది అంకెలు చెప్పేది ఎవరి చోటు ఎక్కడ అన్నంతవరకే. బంతి కదిలాక ఎవడు ఎటు పరిగెత్తాలో ప్లేయింగ్ స్టైల్స్, ఇన్‌స్ట్రక్షన్లే తేలుస్తాయి. 2024లో వచ్చిన ఎఫ్‌సీ 25 నుంచి ఈఏ గేములోనూ ఈ పని ప్లేయర్ రోల్స్‌కి అప్పగించారు. రోల్ పక్కన ప్లస్ గుర్తులు ఎక్కువుంటే ఆ పని అతనికి బాగా వచ్చని అర్థం. రేటింగ్ ఒక్కటే చూసి టీమ్ దింపేవాళ్లు ఆ గుర్తుల వైపు కన్నెత్తి చూడరు.

డిఫెన్స్‌లో రెండు అంచుల్లో ఆడే ఫుల్‌బ్యాక్‌ల సంగతీ ఇంతే. ఇద్దరూ ఎటాకింగ్ స్టైల్ వాళ్లే అయితే ఇద్దరూ ఒకేసారి పైకి పోతారు, వెనక కాలవ గట్టుకు గండి పడినట్టే. అప్పుడు ఫార్మేషన్ మార్చడం దండగ. ఒకణ్ణి మార్చండి, లేదా ఇండివిడ్యువల్ ఇన్‌స్ట్రక్షన్లలో ఒకడికి 'డిఫెన్సివ్' ఇచ్చి వెనక ఆపండి.

అపోహ: ముందు నలుగురిని పెడితే గోల్స్ వాటంతటవే పడతాయి.

వాళ్లదాకా బంతి చేర్చేదెవరు? దీనికి 1958 వరల్డ్ కప్ గెలిచిన బ్రెజిల్ 4-2-4ని సాక్ష్యం తెస్తారు. ఆ నలుగురిలో ఎడమవైపు ఆడిన మారియో జగాలో, బంతి పోగానే వెనక్కొచ్చి మిడ్‌ఫీల్డ్‌లో మూడోవాడయ్యేవాడు. మనవాళ్లు ముందు పెట్టే నలుగురూ స్టార్లే, వెనక్కొచ్చేవాడు ఒక్కడూ ఉండడు.

అపోహ: ఐదుగురు డిఫెండర్లుంటే గోల్ పడదు.

పడుతుంది. గోల్ ముందుండే బాక్సులో జనం ఎక్కువై, బాక్సు ముందు ఖాళీ అవుతుంది. ప్రత్యర్థి గోల్ లైన్ దాకా వెళ్లి బంతిని వెనక్కి తోస్తే అక్కడ కాచుకునేవాడు ఉండడు. అసలు ఐదుగురంటే డిఫెన్స్ అనుకోవడమే తప్పు. 2016 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక కోచ్ ఆంటోనియో కాంటే ఇంగ్లండ్ క్లబ్ చెల్సీని 3-4-3కి మార్చాడు. ఆ తర్వాత లీగ్‌లో వరసగా 13 మ్యాచ్‌లు గెలిచారు, ఆ సీజన్ టైటిల్ కూడా వాళ్లదే. అందులో అంచుల్లో ఆడే ఇద్దరు వింగ్‌బ్యాక్‌లు బంతి ఉంటే మిడ్‌ఫీల్డ్‌లో, పోతే డిఫెన్స్‌లో, అప్పుడు వెనక ముగ్గురు కాస్తా ఐదుగురు. గేములో ఇది ఆడాలంటే ముందు ఆ ఇద్దరి స్టామినా చూసుకోండి.

బంతి మన దగ్గర ఎంతసేపుంటే అంత గెలుపు అనేవాళ్లకు ఒకటే మాట: 2015-16లో ప్రీమియర్ లీగ్ గెలిచిన లెస్టర్ సిటీ దగ్గర బంతి సగం సేపు కూడా ఉండేది కాదు. ఈఫుట్‌బాల్‌లో అయితే ముందు మీ కోచ్ కార్డు తెరవండి. ఏ టీమ్ ప్లేస్టైల్‌లో అతని అంకె ఎక్కువుందో చూసి అది ఆడండి. క్విక్ కౌంటర్ (బంతి దొరకగానే వేగంగా ఎదురుదాడి) కోచ్‌ని పెట్టుకుని, బంతి మన దగ్గరే అట్టేపెట్టుకునే పొసెషన్ గేమ్ ఆడటం దేనికి?

అపోహ: డిఫెన్స్ లైన్ పైకి జరిపి ప్రెస్ చేస్తే, అంటే బంతి ఉన్నవాడి మీదికి ఎగబడితే ఎదుటివాడికి ఊపిరాడదు.

60వ నిమిషం దాటాక మనవాళ్లకే ఊపిరాడదు. ఇంకో సంగతి, ఇది మా లంక గ్రామాల కుర్రాళ్లకు బాగా తెలుసు. సిగ్నల్ సరిగా లేకపోతే బటన్ నొక్కాక ఆటగాడు కదిలేసరికి ఆలస్యం. లైన్ పైన ఉన్నప్పుడు ఆ ఆలస్యానికి డిఫెండర్ల మధ్యలోంచి వాళ్ల వెనక్కి తోసే ఒక్క త్రూ బాల్ చాలు. నెట్ బాగా లేని రోజు లైన్ కిందికి దించి ఆడండి. సిగ్గుపడాల్సిందేం లేదు.

అపోహ: అంతా స్క్రిప్టింగ్. మనం గోల్ కొట్టగానే గేమే వాడికి గోల్ ఇచ్చేస్తుంది.

ఈఏ ఎఫ్‌సీ తీసే ఈఏ కంపెనీ మీద 2020లో కాలిఫోర్నియాలో ఇలాంటి ఆరోపణతోనే కేసు పడింది. గేము లోపలి సాంకేతిక వివరాలు చూశాక 2021లో కేసు వేసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. మా షాపులో గోల్ పడిన వెంటనే గోల్ తినేవాళ్లను వెనక నిలబడి చూస్తుంటాను. గోల్ కొట్టిన ఊపులో ప్రత్యర్థి కిక్‌ఆఫ్ తీయగానే డిఫెన్స్ మధ్యలో ఉండే సెంటర్‌బ్యాక్‌ని పట్టుకుని బంతి మీదికి ఉరుకుతారు. అతను వదిలిన చోటులోంచే స్ట్రైకర్ దూరిపోతాడు. ఆ టైములో కర్సర్ డీఎంఎఫ్ మీద పెట్టి, సెంటర్‌బ్యాక్‌లిద్దరినీ వాళ్ల మానాన వదిలేయండి.