థీమ్ పార్కు లగ్జరీ హోటళ్లు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో హోటల్ భవనాలకు ప్లాన్లు గీసే వృత్తిలో ఉన్నందువల్ల, ఒకే విషయం అడగడానికి రెండు రకాల వాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. భీమిలి రోడ్డులోనో భోగాపురం వైపో స్థలం చూసి పెట్టుకుని, ఎప్పటికైనా ఇటువైపు పెద్ద థీమ్ పార్కు వస్తే దాని పక్కన ఫైవ్ స్టార్ హోటల్ కట్టాలని ఆశపడే పెట్టుబడిదారులు మొదటి రకం. పిల్లల వేసవి సెలవులకు టోక్యోకో ఓర్లాండోకో బయలుదేరుతూ, ఏ హోటల్ తీసుకుంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుందని అడిగే బంధువులు, ఇరుగుపొరుగు వారు రెండో రకం. ఇద్దరూ ముందు మాట్లాడేది లాబీ గురించే. మనవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చే అపోహ అక్కడే పుడుతుంది.

అపోహ: హంగులు ఘనంగా ఉంటే చాలు. పార్కు కాస్త దూరమైనా బస్సు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: థీమ్ పార్కు దగ్గర అన్నిటికన్నా ఖరీదైన సౌకర్యం తక్కువ నడక. ఉదయం గేటు తెరిచే వేళకు లోపలికి వెళ్లిన కుటుంబంలో మధ్యాహ్నం ఒంటిగంటయ్యేసరికి పిల్లలు డస్సిపోతారు, పెద్దవాళ్లకు మోకాళ్లు పట్టేస్తాయి. ఆ సమయంలో గదికి వచ్చి, స్నానం చేసి, ఒక కునుకు తీసి, ఎండ దిగాక మళ్లీ వెళ్లగలిగినప్పుడే ఆ రోజు పూర్తిగా చేతికి దక్కుతుంది. హోటల్ రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉంటే గేటు నుంచి బస్సు ఆగే చోటికి నడక, బస్సు కోసం నిరీక్షణ, దిగాక లాబీ దాటి లిఫ్టు దాకా మరో నడక, మళ్లీ వెనక్కి ఇదంతా. సగం మంది ఆ ప్రయత్నమే చేయరు. చేసినవాళ్లు గదికి చేరాక తిరిగి వెళ్లరు. అంత డబ్బు పోసి తీసుకున్న గది రాత్రి పడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోతుంది.

ఈ రంగం చరిత్ర కూడా ఇదే చెబుతుంది. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ 1955 జూలైలో తెరుచుకున్నప్పుడు, పక్కన హోటల్ కట్టడానికి వాల్ట్ డిస్నీ దగ్గర డబ్బు మిగలలేదు. జాక్ రాథర్ అనే వేరే వ్యాపారి ఆ ఏడాది అక్టోబరులో డిస్నీల్యాండ్ హోటల్ ప్రారంభించగా, అది డిస్నీ సంస్థ చేతికి రావడానికి 1988 దాకా పట్టింది. పార్కు చుట్టూ ఉన్న భూమిలో ఎవరికి తోచిన మోటెల్ వారు కట్టేశారు. ఆ అనుభవంతోనే ఫ్లోరిడాలో ముందుగా సుమారు 27,000 ఎకరాలు కొన్నారు. అక్కడ 1971లో పార్కుతో పాటే తెరిచిన కాంటెంపరరీ హోటల్‌లో మోనోరైలు భవనం లోపలి నుంచే వెళ్తుంది. అనహైమ్‌లో 2001లో వచ్చిన గ్రాండ్ కాలిఫోర్నియన్‌కు పక్క పార్కులోకి సొంత ద్వారం ఉంది. పారిస్ డిస్నీల్యాండ్ హోటల్ పార్కు ప్రవేశద్వారం మీదే నిలబడింది. టోక్యో డిస్నీసీ పార్కుకు చెందిన మిరాకోస్టా హోటల్ ఏకంగా పార్కు లోపలే ఉంది. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో 2025 మేలో ప్రారంభమైన యూనివర్సల్ సంస్థ పార్కు ఎపిక్ యూనివర్స్‌లోనూ హీలియోస్ గ్రాండ్ హోటల్ అతిథులకు ప్రత్యేక ద్వారం పెట్టారు. ఆలోచించి కట్టిన ప్రతిచోటా గేటుకూ మంచానికీ మధ్య దూరాన్ని తగ్గించడానికే డబ్బు పెట్టారు. మన రామోజీ ఫిల్మ్ సిటీలో కూడా సితార హోటల్ ఆవరణ లోపలే ఉంటుంది.

నాకు ఇది పుస్తకాల వల్ల వచ్చిన అభిప్రాయం కాదు. మా అమ్మగారిని, అక్కయ్య మనవలను వెంటబెట్టుకుని విదేశంలో ఒక పార్కుకు వెళ్లినప్పుడు, పేరున్న హోటల్‌లోనే దిగాం. లాబీలో అడుగు పెట్టగానే తాజా పూల వాసన, రెండంతస్తుల ఎత్తు కప్పు, నీడలు కనబడేంత నునుపైన పాలరాయి. పార్కు దగ్గర ఆ హోటల్ బస్సు ఆగే చోట మాత్రం నీడ లేదు, కూర్చోవడానికి బెంచీ లేదు. అమ్మ కాలిబాట అంచు మీద కొంగు పరుచుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గదికి చేరాక, “సాయంత్రం మీరు వెళ్లి రండి నాయనా, నేను మళ్లీ ఆ బస్సు ఎక్కలేను” అంది. ఆ రాత్రి ఊరేగింపు ఆమె చూడలేదు. లాబీలో వాడిన పాలరాయిలో పదో వంతు ఖర్చుతో ఆ బస్సు స్టాపుకు కప్పూ బెంచీలూ వచ్చేవి.

అందుకే విశాఖలో అలాంటి హోటల్ కట్టే అవకాశం ఎవరైనా ఇస్తే, మొదటి గీత లాబీ దగ్గర గీయను. పార్కులోకి తెరుచుకునే రెండో ద్వారం, అక్కడి నుంచి హోటల్ దాకా కప్పు వేసిన, మెట్లు లేని దారి, ఎక్కడ ఎత్తు మారినా ఒకటికి పన్నెండు వాలుకు (అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు) మించని ర్యాంపు, మధ్యలో కూర్చునే అరుగులు ముందు వస్తాయి. తడిసి వచ్చిన పిల్లలు లాబీలోకి వెళ్లే పని లేకుండా పక్క తలుపు, దాని ముందు కాళ్లు కడుక్కునే కుళాయి, ఆ తలుపు ఎదురుగానే లిఫ్టు. గదిలో స్నానాల గది, మరుగుదొడ్డి వేరువేరుగా ఉండాలి. ఒకరు స్నానం చేస్తుంటే నానమ్మ తలుపు బయట నిలబడే పరిస్థితి రాకూడదు. పట్టపగలు చీకటి చేసే మందపాటి కర్టెన్లు, తలుపు మూయగానే కింద సందును మూసేసే రబ్బరు పట్టీ, తడి బట్టలు ఆరేసుకునే చోటు కావాలి. వంటగది విషయమూ చెప్పాలి: చాలా హోటళ్ల రెస్టారెంట్లు మధ్యాహ్నం మూడింటికి మూసి రాత్రి ఏడింటికి తెరుస్తాయి. పార్కు నుంచి ఆకలితో వచ్చేది సరిగ్గా ఆ మధ్యలోనే. ఆ వేళకు వేడి ఇడ్లీ, పెరుగన్నం, మజ్జిగ దొరికే హోటల్‌ను మన కుటుంబాలు ఎన్నటికీ మరచిపోవు.

అపోహ: విశాఖ కాబట్టి సముద్రం వైపంతా అద్దాలే ఉండాలి.

వాస్తవం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు బీచ్ రోడ్డు మీద అద్దాల గోడలు ఏమయ్యాయో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు. తుపాను లేని రోజుల్లోనూ ఉప్పుగాలి ఇనుమును వదలదు. తీరంలో మామూలు 304 రకం స్టీలు రెయిలింగుకు కూడా మచ్చలు పడతాయి, 316 రకమే వాడాలి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఎలాగూ ఉన్నాయి. స్థలం కొనక ముందే వాటిని చదివించుకోవాలి. గదులకు సముద్రం కనిపించడం మంచిదే, కానీ లోపలికి తీసిన బాల్కనీల నుంచి కనిపించాలి. పార్కు వైపు నడవాలు, సముద్రం వైపు పడకగదులు పెడితే రాత్రి బాణసంచా చప్పుడు నుంచి నిద్ర కూడా దక్కుతుంది.

అపోహ: థీమ్ హోటల్ అంటే గోడ గోడకీ థీమ్ కనబడాలి.

వాస్తవం: ఫ్లోరిడాలో స్టార్ వార్స్ అంతరిక్ష సినిమాల థీమ్‌తో డిస్నీ నడిపిన గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ హోటల్ ఈ ఆలోచనను చివరంటా తీసుకెళ్లింది. వంద గదులు, కిటికీల్లో ఆకాశానికి బదులు అంతరిక్ష దృశ్యాలు, ఇద్దరికి రెండు రాత్రులకు సుమారు 4,800 డాలర్ల ధర. 2022 మార్చిలో మొదలై 2023 సెప్టెంబరులో మూతపడింది. వెళ్లిన చాలామంది మెచ్చుకున్నారు, కానీ ఆ ధరకు అందరూ రాలేరు, వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ రారు. అదే ఫ్లోరిడాలో 2001 నుంచి నడుస్తున్న యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో థీమ్ బాల్కనీ బయట ఉంది: కింద గడ్డిమైదానంలో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటే మంచం మీద నుంచి లేచి వచ్చి చూసుకోవచ్చు, చాలనుకుంటే కర్టెన్ వేసుకుని పడుకోవచ్చు.

అపోహ: పార్కు హోటల్‌లో దిగితే టికెట్లు ఉచితం, క్యూ ఉండదు.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఈ మాట నమ్మి ఇంకెవరూ డబ్బు కట్టవద్దు. మామూలుగా గది అద్దెలో పార్కు టికెట్టు ఉండదు. యూనివర్సల్ ఓర్లాండోలో పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో దిగినవారికి అక్కడి రెండు పాత పార్కుల్లో ఎక్స్‌ప్రెస్ పాస్, అంటే వేరే చిన్న క్యూలో వెళ్లే పాస్, వస్తుంది. ఎపిక్ యూనివర్స్‌లో అది చెల్లదు. ఫ్లోరిడా డిస్నీలో దక్కేది అరగంట ముందు ప్రవేశం.

“అత్తయ్యగారిని తీసుకెళ్లగలమా, మధ్యలో ఇబ్బంది పడితే ఎలా” అని బెరుకుగా అడిగే కోడళ్లకు నా సమాధానం ఎప్పుడూ ఒకటే: నిస్సంకోచంగా తీసుకెళ్లండమ్మా, కానీ బుక్ చేసే ముందు హోటల్‌కు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. పార్కు గేటు నుంచి గది తలుపు దాకా ఎన్ని నిమిషాల నడక, దారిలో మెట్లు ఉన్నాయా, పక్కపక్క గదుల మధ్య తలుపు ఉన్నవి ఖాయంగా ఇస్తారా. మూడోదానికి “రిక్వెస్ట్ పెడతాం” అంటే అది ఖాయం కాదని అర్థం. ఈమెయిల్‌లో రాసి ఇచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి.