జోన్ 2లో ఉన్నాం కదా, మనకేం?

2014 మే 21 రాత్రి పది కావస్తుండగా శ్రీకాకుళంలో మా వీధి వీధంతా బయటికి వచ్చేసింది. "మంచం ఊగిందేటి బాబూ, నాకే కళ్లు తిరిగాయనుకున్నాను" అంది ఎదురింటి మామ్మ. మా వంటింట్లో మేకులకు తగిలించిన గరిటెలు ఒకదానికొకటి తగిలి ఇంకా చప్పుడు చేస్తూనే ఉన్నాయి. బంగాళాఖాతంలో, ఒడిశా తీరానికి దూరంగా 6.0 తీవ్రతతో భూకంపం వచ్చిందని కాసేపటికి టీవీలో చెప్పారు. అరగంట టెన్షన్ పడి ఎవరిళ్లలోకి వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు టీకొట్టు దగ్గర తేల్చిన మాట ఒక్కటే: "మనది జోన్ 2. మనకేం కాదు."

భూకంప భయాన్ని బట్టి దేశాన్ని విడగొట్టే, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువని చెప్పే ఈ జోన్ల లెక్క 1934 జనవరి 15 నాటి బిహార్-నేపాల్ భూకంపంతో మొదలైంది. పదివేల మందికి పైగా చనిపోయారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాళ్లు ఊరూరా తిరిగి నష్టం రాసుకున్నారు. వాళ్లకు ఉత్తర బిహార్‌లో ఓ వింత కనిపించింది. దాదాపు 300 కిలోమీటర్ల పొడవునా ఇళ్లు కూలడం కంటే ఒరిగిపోవడం, నేలలోకి దిగిపోవడం ఎక్కువ. కింద ఉన్నది నీళ్లు పట్టిన ఇసుక. గట్టిగా ఊగేసరికి ఆ ఇసుక బురదనీళ్లలా మారిపోయింది. మరుసటి ఏడాదే, 1935లో, దేశానికి మొదటి భూకంప మండలాల పటం వచ్చింది. మట్టిని బట్టి నష్టం మారుతుందని అప్పటికే తెలుసు. కానీ దేశం మొత్తాన్ని ఒక కాగితం మీద చూపే పటంలో ఒక వీధి కింద ఉన్న మట్టికి చోటెక్కడిది?

భూకంపాన్ని తట్టుకునేలా ఇళ్లు కట్టేవాళ్ల కోసం 1962లో ఐఎస్ 1893 అనే నంబరుతో ఒక భారత ప్రమాణం వచ్చింది. దాని పటం మాత్రం భూకంపాల వెనకే పరిగెత్తింది. దక్కన్ రాయి గట్టిది, కదలదు అనుకుంటుండగా 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కొయినా ఊగింది, 1970లో పటం మారింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరులో సుమారు పదివేల మంది మట్టితో పేర్చిన రాతిగోడల కింద పడి చనిపోయారు. లాతూరు అప్పటికి జోన్ 1లో ఉంది, అంటే అన్నిటికంటే భయం తక్కువన్న చోట. 2002లో జోన్ 1నే ఎత్తేసి జోన్ 2లో కలిపేశారు. ఇప్పుడు మనం ధీమాగా చెప్పుకునే జోన్ 2 వెనక ఈ కథ ఉందని టీకొట్టు దగ్గర ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు.

2002 నాటి ఆ ప్రమాణంలో విశాఖపట్నానికి రాసిన అంకె 0.10. విజయవాడ అందులో జోన్ 3, దానికి 0.16. భవనం పక్కకు ఎంత బలంగా తోపుడు తింటుందో ఇంజినీరు లెక్క కట్టేది ఈ అంకెతోనే. అంకె చిన్నదైతే ఇనుము ఖర్చు కొంత తగ్గుతుంది. అంతే తప్ప భూకంపం రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. 1917 ఏప్రిల్ 17న విజయనగరం ప్రాంతంలోనే 5.5 తీవ్రతతో భూమి కంపించినట్టు భూకంపాల జాబితాల్లో ఉంది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, మొన్న 2024 డిసెంబరు 4న ములుగు. మహా భూకంపాలు కావివి. అలాగని కొట్టిపారేసేవీ కావు.

అసలు పాఠం నేర్పింది మాత్రం మెక్సికో సిటీ. 1985 సెప్టెంబరు 19న భూకంపం పుట్టింది ఎక్కడో పసిఫిక్ తీరంలో, 350 కిలోమీటర్లకు పైగా దూరంలో. మధ్యలో ఉన్న ఊళ్ల కంటే ఎక్కువగా నగరంలో పాత చెరువు పూడిన భాగం దెబ్బతింది. మెత్తటి బంకమన్ను పళ్లెంలో పోసిన జున్నులా ఊగింది. అక్కడికి కొద్ది దూరంలోనే రాతినేల మీద కట్టిన ఇళ్లకు పెద్దగా ఏమీ కాలేదు. మన దగ్గర 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలాయి. సబర్మతి మేట వేసిన మట్టి ఒక కారణం. కింద కార్ల కోసం గోడల్లేకుండా స్తంభాల మీద వదిలేసిన అంతస్తు ఇంకో కారణం. విజయనగరంలో కోట దాటి ఏ కొత్త కాలనీకి వెళ్లినా కింద స్తంభాలు, పైన అయిదంతస్తులు. లెక్క ప్రకారం కడితే తప్పేమీ కాదు. ఆ లెక్క ఎవరు చూశారన్నదే ప్రశ్న.

కంప్యూటర్లో పటాలు గీయడం తేలికయ్యాక 1990ల నుంచి పని తీరు మారింది. డిజిటల్ పటం ఒక్క కాగితం కాదు, ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలు. అడుగున రాయి ఎంత ఊగుతుందో ఒక పొర. ఆ ఊపును పైనున్న మట్టి ఎన్ని రెట్లు చేస్తుందో, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో, ఇసుక బురదయ్యే వీలుందో మరికొన్ని. ఆ పైన ఇళ్లు, వాటి వయసు, ఆసుపత్రులు, వంతెనలు. కొత్త సంగతి తెలిసినప్పుడు ఆ ఒక్క పొర మారిస్తే చాలు, అచ్చు వేయించి ఇరవై ఏళ్లు ఆగక్కర్లేదు.

కాలిఫోర్నియాలో 1990లో దీనికి చట్టమే చేశారు. పటంలో ప్రమాదమని గుర్తించిన చోట మట్టి పరీక్ష చేయనిదే కట్టడానికి అనుమతి లేదు. ఇల్లు అమ్మేవాడు ఆ సంగతి కొనేవాడికి చెప్పి తీరాలి. (మనం కొనేటప్పుడు వీధిపోటు అడుగుతాం, ఈశాన్యం అడుగుతాం. కింద చెరువు ఉండేదా అని అడిగినవాణ్ణి నేను చూడలేదు.) జపాన్‌లో 1995 కోబే భూకంపం తర్వాత కదిలారు. దేశమంతా 250 మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో నేల ఎంత ఊగుతుందో ఇంట్లో కూర్చుని చూసుకునేలా పెట్టారు. మన దేశంలో ఇలా ఊరిని ముక్కలుగా చూసే మైక్రోజోనేషన్ 1997 భూకంపం తర్వాత జబల్‌పూర్‌తో మొదలైంది. గువాహటి, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతా ఆ తర్వాత వచ్చాయి. పెద్ద నగరాలకు, జోన్ ఎక్కువున్న వాటికి ముందు చోటు. న్యాయమే. కానీ విశాఖ ఇటు పెరుగుతోంది. భోగాపురం విమానాశ్రయం చుట్టూ లేఅవుట్ రాళ్లు పాతేశారు. నగరం కట్టేశాక పటం గీస్తే అది ఎక్కడ ఎంత నష్టమో చెబుతుంది. కట్టకముందు గీస్తే ఎక్కడ కట్టాలో చెబుతుంది. రెండోది చౌక.

ఇక్కడి జనానికి పటం చదవడం కొత్తేమీ కాదు. హుద్‌హుద్, తిత్లీ తర్వాత పలాస జీడితోట రైతు కూడా ఫోన్‌లో తుపాను సుడి ఎటు తిరుగుతోందో చూసి చెబుతాడు. తుపానుకు నాలుగు రోజుల వ్యవధి ఉంటుంది, భూకంపానికి అది లేదు. ఉన్నదల్లా నేల గురించి ముందే తెలుసుకోవడం.

ఆ సమాచారం మన దగ్గర లేదనీ కాదు. అపార్టుమెంటు కట్టే ముందు మట్టి పరీక్ష చేస్తారు. మా బంధువుల స్థలంలో చేస్తుంటే ఒక పూటంతా నిలబడి చూశాను. మూడు కాళ్ల స్టాండు, దానికి కప్పీ, మోకు. 63.5 కిలోల ఇనప గుండును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గొట్టం మీద పదేపదే వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో ఒక కుర్రాడు నోట్‌బుక్‌లో గీతలు గీస్తున్నాడు. గట్టి గ్రావెల్ అయితే యాభై దాటుతుంది. అక్కడ, నాగావళికి అంత దగ్గరలో, నాలుగు మీటర్ల లోతున ఆరు దెబ్బలకే దిగిపోయింది. గొట్టంలో వచ్చింది తడి ఇసుక, చేత్తో నొక్కితే నీళ్లు కారాయి. "పైల్ వేసుకోండి సార్" అన్నాడు మేస్త్రీ, బీడీ ముట్టించుకుంటూ.

మెత్తటి మట్టిని దాటి గట్టి నేల దాకా స్తంభాలు దించే పైల్ వేశారు, ఇల్లు నిలబడింది. ఆ రిపోర్టు ప్లాన్ కాగితాలతోపాటు ఒక ఆఫీసుకు వెళ్లింది. రెండేళ్ల తర్వాత పక్క స్థలం వాళ్లు కట్టడం మొదలుపెడుతుంటే, ఆ పాత రిపోర్టు చూపిస్తారా అని అడగడానికి వెళ్లాను. గుమస్తా బీరువా మీది కట్టల వైపు చూశాడు. "అందులోనే ఉంటాదండీ. కానీ ఏ కట్టలో ఉందో చెప్పలేను" అన్నాడు. పక్క స్థలం వాళ్లు మామూలు పునాది తవ్వుతున్నారు.