దగ్గరిదల్లా తేలికేనా? చిన్న తరగతుల్లో చరిత్ర పాఠం వెనక కథ

అలెగ్జాండర్‌కు జబ్బు చేసింది. వైద్యుడు ఫిలిప్ మందు కలిపి తెచ్చాడు. అందులో విషం ఉందంటూ అప్పటికే ఒక ఉత్తరం అందింది. అలెగ్జాండర్ ఆ ఉత్తరాన్ని ఫిలిప్ చేతిలో పెట్టి, తాను మందు గటగటా తాగేశాడు.

ఈ కథను ఒక పిల్లవాడు భోజనాల దగ్గర గడగడా అప్పజెప్పాడు. అది తెగువా, తెలివితక్కువతనమా అని పెద్దవాళ్లు వాదించుకున్నారు. తర్వాత, అక్కడే ఉన్న తత్వవేత్త రూసో వాణ్ణి పక్కకు తీసుకెళ్లి కదిపితే, అందరికన్నా వాడే అలెగ్జాండర్‌ను ఎక్కువగా మెచ్చుకుంటున్నాడు. ఎందుకంటే, అంత చెడ్డ రుచి ఉన్న మందును ఒక్క గుక్కలో మింగాడు కదా! పాపం, రెండు వారాల కిందటే వాడికీ ఎవరో మందు పట్టించారు.

పిల్లల చదువు గురించి రూసో రాసిన, 1762లో వచ్చిన 'ఎమీల్' అనే పుస్తకంలో ఉంది ఈ ముచ్చట. పసివాళ్లకు చరిత్ర చెప్పడం దండగ అనడానికి రూసో దీన్ని రుజువుగా చూపాడు. నాకైతే తిరగేసి చూడాలనిపిస్తుంది. వాడు తనకు తెలిసిన చేదుతో కథలోకి దిగాడు. 'మరి ఆ ఉత్తరం సంగతేంటి?' అని ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే పాఠం అక్కడే మొదలయ్యేది.

పంతొమ్మిదో శతాబ్దపు జర్మనీలో హెర్బార్ట్ అనే విద్యాతత్వవేత్త శిష్యపరంపర మరో దారి పట్టింది. మానవజాతి దాటివచ్చిన దశలనే బిడ్డ మనసూ దాటుతుందని వాళ్ల లెక్క. అందుకని వాళ్లలో ఒకడైన జిల్లర్ మొదటి ఏడాది జానపద కథలు, ఆ తర్వాత 'రాబిన్సన్ క్రూసో' నవల పెట్టాడు. ఆ సిద్ధాంతం నిలబడలేదు గానీ, దాని పుణ్యాన చిన్న తరగతుల్లో కథకు చోటు దొరికింది.

1896లో షికాగోలో అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ, బోధన పద్ధతులను పరీక్షించి చూసే ప్రయోగశాల బడి తెరిచాడు. అక్కడ పిల్లల చేతికి పుస్తకానికి బదులు ముడి ఉన్ని, పత్తికాయలు ఇచ్చారు. ఒక గుంపు అరగంట కూర్చుని గింజల నుంచి దూది వేరు చేస్తే, వచ్చింది ఒక ఔన్సు కన్నా తక్కువ, అంటే 28 గ్రాములైనా లేదు. పూర్వం అక్కడి జనం నూలు బట్టలకు బదులు ఉన్ని బట్టలే ఎందుకు కట్టేవారో ఆ వేళ్లకు తెలిసిపోయింది. నూలు పరిశ్రమ వెనకబడటానికి కారణం పిల్లలు చెప్పేదాకా తనకూ తెలియదని డ్యూయీయే రాసుకున్నాడు.

ఇలాంటి పని ప్రతి బడిలో సాగేది కాదు. సాగింది మరొకటి. 1930ల నుంచి అమెరికాలో పాల్ హానా వంటి విద్యావేత్తలు 'దగ్గరి నుంచి దూరానికి' అనే వరసను స్థిరపరిచారు: ముందు ఇల్లు, తర్వాత బడి, వీధి, ఊరు, రాష్ట్రం, దేశం. చూడటానికి ముచ్చటైన వరస. పాఠ్యపుస్తకం వేసేవాళ్లకు మరీ అనుకూలం. కాకపోతే ఇందులో చరిత్ర ఎప్పుడూ 'వచ్చే ఏడాది' పాఠమే అయింది. దీనికి పరిశోధన ఆధారం ఏదని 1987లో విద్యా చరిత్రకారిణి డయాన్ రావిచ్ నిలదీశారు. వీధి చివరి పోస్టాఫీసు ఎలా నడుస్తుందో ఆరేళ్ల పిల్లకు తెలియదు. రాక్షసుడి కోపం ఇట్టే తెలుస్తుంది.

మధ్యలో, పిల్లల ఆలోచన వయసుతో పాటు దశలవారీగా ఎదుగుతుందన్న మనస్తత్వవేత్త పియాజే ప్రభావం మరో తాళం వేసింది. ఆయన దశలను చరిత్రకు అన్వయించి, ఈ పాఠంలో పరిణత ఆలోచన పదహారేళ్ల దగ్గర గానీ రాదని 1960ల్లో ఇంగ్లండ్‌లో రాయ్ హాలమ్ అనే పరిశోధకుడు తేల్చాడు. నిజాయితీ తగ్గకుండా చెబితే ఏ విషయాన్నైనా ఏ వయసు బిడ్డకైనా నేర్పవచ్చని అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లోనే అన్నా, బడులకు తాళమే సౌకర్యంగా తోచింది.

ఆ తాళాన్ని కదిలించింది బొమ్మలు. 1990ల్లో బార్టన్, లెవ్‌స్టిక్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వేర్వేరు కాలాల చిత్రాలను పిల్లల ముందు పరిచి, వరసలో పెట్టమన్నారు. చిన్నవాళ్లకు సంవత్సరాల అంకెలు పట్టలేదు. కానీ బట్టలు, బండ్లు చూసి ఏది బాగా పాతదో, ఏది ఈమధ్యదో చెప్పగలిగారు.

ఈలోగా 1991లో ఇంగ్లండ్ ఐదేళ్ల పిల్లల నుంచే చరిత్రను తప్పనిసరి చేసింది. దాంతో గొడవ 'చెప్పాలా వద్దా' నుంచి 'ఏ వరసలో' అన్నదానికి మారింది. 2013లో అక్కడి ప్రభుత్వం తెచ్చిన పాఠ్యప్రణాళిక ముసాయిదా రాతియుగంతో మొదలెట్టి తేదీల వారీగా నడవాలంది. చరిత్రకారులు చాలామంది అభ్యంతరపెట్టారు, ప్రభుత్వం కొంత సడలించింది. రాతియుగం మాత్రం ఏడేళ్ల పిల్లల దగ్గరే ఉండిపోయింది, అన్నిటికన్నా పాతది కాబట్టి.