పలక మీది లెక్క

చిన్నీ, బుజ్జీ,

మొన్న గాలివానకు మీ వీధిలో కరెంటు పోయినప్పుడు బుజ్జి ఫోన్ చేసి అడిగాడు: "తాతా, కరెంటు పోతే కంప్యూటర్ అన్నీ మర్చిపోతదట. మరి నాన్న ఆఫీసు లెక్కలు ఎందుకు పోలేదు?" మీ నాన్ననే అడగమందామనుకున్నా గానీ, ఆ రాత్రి వాడికే టెన్షన్‌గా ఉందట. అందుకని నాకు తెలిసినంత రాస్తున్నాను.

సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో మిర్యాలగూడలో మా నాయినకు చిన్న అడ్తి దుకాణం ఉండేది. దడ్వాయి కాంటా చూసి తూకం అరిచేవాడు, నేను పలక మీద బలపంతో రాసేవాణ్ని. పలక మీద రాయడం చిటికెలో పని. లోపలి గదిలో ఇనప్పెట్టెలో చిట్టా ఉండేది. సాయంత్రం తీరిగ్గా అందులోకి ఎక్కించేవాళ్లం. ఒకరోజు తూకం మధ్యలో వాన దంచింది. అందరూ బస్తాల మీద పట్టాలు కప్పడానికి ఉరికారు. నేనేమో పక్క తోటలో మామిడికాయలు రాలుతుంటే అటు ఉరికాను. తిరిగొచ్చేసరికి పలక కడిగినట్టుంది. తెల్లటి నీళ్లు చెక్క అంచు మీదుగా బొట్లు బొట్లుగా కారుతున్నాయి. నాయిన నన్ను కొట్టలేదు. రైతులను ఒక్కొక్కరినీ అడిగి, వాళ్లు చెప్పిందే రాసుకున్నాడు. ఒకాయన రెండు బస్తాలు ఎక్కువ చెప్పాడని దడ్వాయి గొణిగినా, తప్పు మనదే కదా అని అదే రాశాడు.

ఆ పలకే కంప్యూటర్లో ర్యామ్, కరెంటు పోతే చెరిగిపోతుంది. ఆ ఇనప్పెట్టే డిస్క్, కరెంటు పోయినా అందులోది నిలుస్తుంది. మీ నాన్న వాడే రెడిస్ అనే డేటాబేస్, అంటే లెక్కలు దాచిపెట్టే ప్రోగ్రాం, పని మొత్తం పలక మీదే చేస్తుంది, అందుకే అంత వేగం. సాన్‌ఫిలిప్పో అనే ఇటలీ ఆయన 2009లో తెచ్చాడు దాన్ని. మామూలుగా అయితే అది అప్పుడప్పుడు పలకకు ఫొటో తీసి డిస్కులో పెడుతుంది. ఫొటోకూ ఫొటోకూ మధ్య వాన వస్తే ఆ మధ్య లెక్క పోయినట్టే. అది వద్దనుకుంటే డిస్కులో చిట్టా లాంటి ఫైలు ఒకటి పెట్టించుకోవాలి. అప్పుడు పలక మీద ఏది మారినా చిట్టా చివర ఒక వరస చేరుతుంది. పాత వరసను దిద్దడం ఉండదు.

ఇక్కడే ఒక మోసం ఉంది. మా గుమాస్తా "రాసిన" అనేవాడు గానీ, చీటీలు జేబులో వేసుకుని పదీ పోగయ్యాకే లోపలి గదికి పోయేవాడు. కంప్యూటర్ నడిపే లైనక్స్‌ది కూడా అదే గుణం. రాశానంటుంది, అర నిమిషం దాకా తన దగ్గరే ఉంచుకోగలదు. "ఇప్పుడే పోయి రాసిరా" అని గట్టిగా చెప్పడాన్ని ఎఫ్‌సింక్ అంటారు. ప్రతి వరసకూ అలా తరిమితే భద్రమే, కానీ కాంటా దగ్గర బండ్లు బారులు తీరతాయి. అందుకని రెడిస్ మామూలుగా సెకనుకోసారి తరుముతుంది. కరెంటు పోతే పోయేది ఇంచుమించు ఒక సెకను లెక్క. అడ్తి దుకాణానికి అది చాలు. బ్యాంకుకు చాలదు, ప్రతి వరసకూ తరమాల్సిందే.

కరెంటు వచ్చాక చిట్టాను మొదటి నుంచి చదువుకుంటూ పలక మళ్లీ నింపుకుంటుంది. ఆఖరి వరస సగంలో ఆగితే? "నాలుగు బస్..." అని ఉంటే నాలుగు బస్తాలని ఊహించుకోదు, ఆ సగాన్ని కొట్టేస్తుంది.

చిట్టా మరీ లావైతే ఉన్న నిల్వలతో కొత్తది రాస్తుంది. కొత్తది పూర్తయ్యేదాకా పాతదాన్ని పారేయదు. మా నాయినా అంతే, కొత్త పుస్తకంలో ఆఖరి పేరు ఎక్కి, రెండుసార్లు సరిచూశాకే పాతదాన్ని అటక మీదికి ఎక్కించేవాడు. అవి చెదలు తిన్నాయనుకో, అది వేరే కథ.

ఆదివారం మీ నాన్న ఖాళీగా ఉన్నప్పుడు తన కంప్యూటర్లో ఆ చిట్టా ఫైలు తెరిచి చూపించమనండి. నక్షత్రం గుర్తులు, డాలరు గుర్తుల మధ్య 'సెట్' అనే మాట ఇంగ్లీషులో కనిపిస్తుంది. తర్వాత రెడిస్‌లో బుజ్జి పేరుతో ఏదైనా ఒకటి చేర్చమని, ఫైలు మళ్లీ తెరిచి అట్టడుగు వరస చూడండి. ఏం కనిపించిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ తాత
మిర్యాలగూడ