వచ్చేదెవరో తెలియకూడదు

చిరంజీవులు కార్తీక్‌కూ, మేఘనకూ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్‌లో కార్తీక్ గొంతు బాగా డల్‌గా వినిపించింది. స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కు కొత్త డిఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే అవతలివాళ్లను ఆపే పథకాలు వేసే కోచ్, వచ్చాడట. రెండేళ్లుగా క్వార్టర్‌బ్యాక్ (అవతలి జట్టులో బంతి విసిరేవాడు) మీదికి ఉరికే వీణ్ని ఇప్పుడు సగం సార్లు వెనక్కి వెళ్లమంటున్నాడట. "నన్ను పక్కన పెట్టేసినట్టే తాతయ్యా" అన్నాడు. మేఘనేమో మధ్యలో దూరి, "కోఆర్డినేటర్ మారితే ఏమవుతుంది, ఆడేది వాళ్లేగా?" అంది. ఆ రెండు మాటలూ నాకు రెండు రోజులుగా నిద్ర పట్టనివ్వలేదు. ఫోన్‌లో చెబితే సగమే చెబుతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

ముందు మేఘన ప్రశ్న. నేను మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌కు అరగంట దూరంలో ఇన్నేళ్లుగా ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసిన కథే చెబుతాను. 2020లో మిషిగన్ యూనివర్సిటీ మీద అవతలి టీమ్‌లు మ్యాచ్‌కు సగటున 34.5 పాయింట్లు చేశాయి. ఆ ఏడాది రెండే గెలిచి నాలుగు ఓడారు. 2021లో ఆ సగటు 17.4కు పడిపోయింది. సగానికి సగం! డిఫెన్స్‌లో ఆడిన పిల్లలు చాలామంది పాతవాళ్లే. మారినవాళ్లలో ముఖ్యుడు వాళ్లను నడిపించే మనిషి. హెడ్ కోచ్ జిమ్ హార్‌బా తన అన్న జాన్ దగ్గర్నుంచి, అంటే ఆయన కోచ్‌గా ఉన్న ప్రొఫెషనల్ టీమ్ బాల్టిమోర్ రేవెన్స్ నుంచి, మైక్ మెక్‌డొనాల్డ్‌ను తెచ్చుకున్నాడు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినవాడు కూడా కాదు. జార్జియా యూనివర్సిటీలో చదువుకుంటూ, అక్కడే ఒక హైస్కూల్ పిల్లలకు కోచింగ్ ఇచ్చి పైకొచ్చాడు. అప్పట్లో ఆ పేరు చెబితే మా వీధిలో ఒక్కరికీ తెలియదు.

ఆయన ఏం మార్చాడో తెలియాలంటే అంతకుముందు ఏముందో తెలియాలి. 2016 నుంచి 2020 దాకా ఆ పనిలో డాన్ బ్రౌన్ ఉండేవాడు. ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవమే. మొదటి మూడేళ్లూ దేశంలో గట్టి డిఫెన్స్‌లలో మనదొకటి. ఆయన పద్ధతి సూటిగా ఉండేది: ఎక్కువమందిని క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపు, మిగిలినవాళ్లు ఒక్కో రిసీవర్‌ను, అంటే విసిరిన బంతి అందుకునేవాణ్ని, ఒక్కొక్కరు అంటిపెట్టుకోండి. మనిషికి మనిషి కాపలా అన్నమాట. కోడిపెట్ట వెనక పిల్లలా ఆ రిసీవర్ ఎటు పోతే అటు పోవాలి.

2018 నవంబరులో కొలంబస్‌లో ఒహాయో స్టేట్‌తో మ్యాచ్. మీ నాన్న, నేను హాల్లో టీవీ ముందు కూర్చున్నాం. వాళ్లు చేసిందల్లా ఒకటే. ఇద్దరు రిసీవర్లు ఎదురెదురుగా వచ్చి, భుజాలు రాసుకునేంత దగ్గరగా దాటి, చెరోవైపు అడ్డంగా పరిగెత్తడం. వాళ్లను అంటిపెట్టుకున్న మన పిల్లలు ఒకరికొకరు అడ్డం పడేవాళ్లు. తిరునాళ్లలో పిల్లాడి చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ఎదురుగా గుంపు వస్తే ఏమవుతుంది? అదే అయింది. ఒక్క అడుగు వెనకబడితే చాలు, బంతి అందిపోయేది. ఆ రోజు వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్ ఆరు టచ్‌డౌన్ పాస్‌లు (చివరి గీత దాటి పాయింట్లు తెచ్చేవి) వేశాడు. 62-39తో ఓడాం. మరుసటి ఏడాది మన ఊళ్లోనే 56-27. అవతలివాళ్లకు మనం ఏం చేస్తామో ముందే తెలుసు. మన పిల్లలు ఎంత వేగంగా పరిగెత్తినా, ఆ ముందే తెలియడం ముందు నిలవలేదు.

మెక్‌డొనాల్డ్ వస్తున్నాడనగానే ఇక్కడ అందరూ మాట్లాడుకున్నది లెక్కల గురించి. త్రీ-ఫోరా, ఫోర్-త్రీయా? అంటే ముందు వరసలో ముగ్గురా, నలుగురా అని. నన్నడిగితే ఆ లెక్క తలుపు మీద పేరు లాంటిది, లోపల ఇల్లు ఎలా ఉందో చెప్పదు. కొత్త కోఆర్డినేటర్ ఏం చేయబోతున్నాడో తెలుసుకోవాలంటే ఒకటే అడగాలి: స్నాప్‌కు (బంతి ఆటలోకి కదిలే క్షణానికి) ముందు క్వార్టర్‌బ్యాక్ కంటికి కనపడే బొమ్మా, స్నాప్ తర్వాత జరిగేదీ ఒకటేనా, వేరా? బ్రౌన్ దగ్గర చాలావరకు ఒకటే. మెక్‌డొనాల్డ్ దగ్గర వేరు.

ఇదెలాగో మీకు చెడుగుడుతో చెబుతాను. మా ఊళ్లో, తెనాలి దగ్గర, వేసవి సాయంత్రాలు చెరువు గట్టు కింద ఆడేవాళ్లం. కూతకు వచ్చినవాడి కళ్లు ముందు మూల మనిషి మీదే ఉంటాయి, పట్టేది వాడే కాబట్టి. మా జట్టులో మూలన నేనుండేవాణ్ని. కూతవాడు దగ్గరికి రాగానే మోకాళ్లు వంచి, చేతులు చాపి, ఇదిగో దూకుతున్నా అన్నట్టు ఒక అడుగు వేసేవాణ్ని. వాడు నా వైపు తిరిగి కాలు వెనక్కి లాక్కునేవాడు. ఆ లాక్కున్న కాలు నేరుగా అవతలి మూల మా బాబాయి కొడుకు చేతిలో పడేది. నేను వాణ్ని ముట్టుకున్నది లేదు. కానీ నేనా అడుగు వేయకపోతే వాడు దొరికేవాడు కాదు.

ఫుట్‌బాల్‌లో దీన్నే సిమ్యులేటెడ్ ప్రెజర్ అంటారు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటానికి ముందు ఐదుగురు లైన్‌మెన్ ఉంటారు. ఎవరు ఎవర్ని ఆపాలో స్నాప్‌కు ముందే వేళ్లతో చూపించుకుని పంచుకుంటారు. మన వైపు ఆరుగురు వరస మీదికొచ్చి, మీద పడబోతున్నట్టు నిలబడతారు. వాళ్లు ఆ ఆరుగురికీ లెక్క వేసుకుంటారు. బంతి కదలగానే అందులో ఇద్దరు గిరుక్కున వెనక్కి తిరిగి పాస్ దారుల్లోకి పోతారు. వచ్చేది నలుగురే. ఒక్కోసారి ఆ నలుగురిలో ఒకడు వాళ్లు లెక్కలోనే వేసుకోని చోటు నుంచి, అంటే వరస వెనక ఉండే లైన్‌బ్యాకరో, అందరికంటే వెనకుండే సేఫ్టీయో వస్తాడు. లైన్‌మెన్ ఇద్దరు వెనక్కి పోయినవాడి కోసం ఖాళీగా నిలబడి ఉంటారు, పక్కన సందులోంచి ఒకడు ఎవరూ ముట్టకుండా దూరిపోతాడు. ఆరుగురు వచ్చినంత టెన్షన్ అవతలివాడికి. వెనక కాపలాకు మాత్రం మనకు ఏడుగురు మిగులుతారు. బ్లిట్జ్ చేస్తే, అంటే నిజంగానే ఐదారుగురిని పంపితే, ఆ ఏడుగురు ఐదుగురో, ఆరుగురో అవుతారు. తేడా అక్కడుంది.

ఆ ఏడుగురూ కూడా ఎప్పుడూ మనిషి వెంట పరిగెత్తరు. చాలాసార్లు చోటుకు కాపలా కాస్తారు. ఈ ముక్క నీది, ఆ ముక్క వాడిది. అప్పుడు ఇద్దరు రిసీవర్లు అడ్డంగా దాటుకున్నా ఎవరూ ఎవరికీ అడ్డం పడరు, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరు అందుకుంటారు. పైగా లోతుగా ఇద్దరు సేఫ్టీలు నిలబడినట్టు చూపించి, స్నాప్ అవగానే ఒకడు ముందుకొచ్చేస్తాడు. క్వార్టర్‌బ్యాక్‌కు రెండున్నర, మూడు సెకన్లే ఉంటాయి. అందులో ఒక సెకను, ఇంతకుముందు చూసిన బొమ్మ ఏమైపోయిందా అని వెతుక్కోవడానికే పోతుంది.

కార్తీక్, ఇప్పుడు నీ సంగతి. నిన్ను వెనక్కి వెళ్లమన్నది నువ్వు చేతకానివాడివని కాదు నాన్నా. రెండేళ్లు ఉరికావు కాబట్టే అవతలివాళ్లు నిన్ను చూడగానే ఇద్దర్ని పెడతారు. ఆ ఇద్దర్నీ అక్కడే కట్టిపడేసి నువ్వు వెనక్కి జరిగితే, మీ అవతలి వైపువాడికి దారి దొరుకుతుంది. ఉరకలేనివాణ్ని వెనక్కి పంపితే ఎవరూ మోసపోరు కదా!

2021లో ఏడన్ హచిన్సన్ ఒక చివర, డేవిడ్ ఒజాబో ఇంకో చివర. హచిన్సన్ ముందటి ఏడాది మూడు మ్యాచ్‌లకే కాలు విరిగి కూర్చున్నవాడు. ఒజాబో నైజీరియాలో పుట్టి, స్కాట్లండ్‌లో పెరిగి, పదిహేడేళ్లొచ్చాక అమెరికాలో ఈ ఆట మొదలుపెట్టినవాడు. నీకిప్పుడున్న వయసు! ఇద్దర్నీ చాలాసార్లు చెయ్యి నేలకు ఆనించకుండా నిలబెట్టాడు మెక్‌డొనాల్డ్. నిలబడినవాడు వస్తాడో, వెనక్కి పోతాడో చూసి చెప్పలేం. హచిన్సన్ 14 శాక్‌లు (బంతి వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేశాడు, అది మిషిగన్‌లో ఒక సీజన్ రికార్డు. ఒజాబో 11. ఇద్దరూ చివర్లలో అంత భయపెట్టబట్టే మధ్యలో ఎవరు వస్తారో చూసుకునే తీరిక అవతలివాళ్లకు లేకపోయింది.

దీనికీ ఒక ఖరీదుంది. ఇంతమంది సర్దుకోవాలంటే టైమ్ కావాలి. అక్టోబరు 30న మిషిగన్ స్టేట్‌తో ఆడినప్పుడు వాళ్లు ఊపిరి తీసుకోనివ్వకుండా వెంటవెంటనే స్నాప్ చేశారు. మన పిల్లలు కొందరు ఇంకా మార్పిడి కోసం పరిగెడుతూనే ఉన్నారు, కొందరు సైడ్‌లైన్ వైపు చూస్తున్నారు. బంతి పట్టుకుని పరిగెత్తే వాళ్ల రన్నింగ్ బ్యాక్ కెన్నెత్ వాకర్ ఐదు టచ్‌డౌన్‌లు చేశాడు. 37-33తో ఓడిపోయాం. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, మీ నాయనమ్మ కోప్పడింది. ఆ ఏడాది లీగ్ మ్యాచ్‌లలో ఓడింది ఆ ఒక్కటే.

తర్వాత నవంబరు 27. మళ్లీ ఒహాయో స్టేట్, మన బిగ్ హౌస్ స్టేడియంలో. ఆ ఏడాది దేశంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు చేస్తున్న టీమ్ అది. మీ నాన్న, నేను రెండేసి గ్లవ్స్ వేసుకుని వెళ్లాం. బెంచీ మంచుగడ్డలా ఉంది, కింద దుప్పటి మడత పెట్టుకుని కూర్చున్నాం. మంచు పడుతోంది. లక్షమందికి పైగా జనం, నా పక్క సీటులో ఓ పెద్దావిడ అరిచి అరిచి గొంతు పోయి చేతులు మాత్రమే ఊపుతోంది. సగం ఆటకు 14-13. నేను బంతిని చూడటం మానేసి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్‌ను చూడటం మొదలుపెట్టాను. బంతి అందగానే మొదటివాడికి వేసేయాలి, అతను వేయడం లేదు. చెయ్యి ఎత్తి, దించి, పక్కకు చూసి, మళ్లీ ఎత్తి... ఈలోపు హచిన్సన్ వచ్చేసేవాడు. ఆ రోజు అతనికి మూడు శాక్‌లు.

స్ట్రౌడ్ ఆ రోజు 394 గజాల పాస్‌లు వేశాడని గుర్తుంచుకోండి. డిఫెన్స్ చిత్తుగా ఆపేసిందని చెబితే అబద్ధమే. చిన్న చిన్న పాస్‌లు ఇచ్చింది, ఒక్క దెబ్బతో అయిపోయేవి ఇవ్వకుండా చూసుకుంది. ఇంకోవైపు మన హసన్ హాస్కిన్స్ బంతి పట్టుకుని ఐదుసార్లు లైన్ దాటాడు. 42-27. 2011 తర్వాత ఒహాయో స్టేట్ మీద మొదటి గెలుపు. మీ నాన్న నన్ను పట్టుకుని ఏడ్చేశాడు, వాడికి చెప్పకండి.

ఆ వారం తర్వాత అయోవాను 42-3తో కొట్టి లీగ్ ఛాంపియన్లయ్యాం. ఆపైన ఆరెంజ్ బౌల్ అనే సెమీఫైనల్లో జార్జియా చేతిలో 34-11తో ఓడాం. ఎంత మంచి పథకమైనా తనకంటే బలమైన లైన్ ముందు ఒదిగిపోతుంది. అది కూడా చూడాల్సిందే. మెక్‌డొనాల్డ్ ఒక్క ఏడాదే ఉండి రేవెన్స్‌కు తిరిగి వెళ్లాడు. ఆయన స్థానంలో వచ్చిన జెస్సీ మింటర్ కూడా రేవెన్స్‌లో పనిచేసినవాడే. కాబట్టి పిల్లలు కొత్త భాష నేర్చుకోనక్కర్లేకపోయింది. 2023లో మ్యాచ్‌కు 10.4 పాయింట్లే ఇచ్చి నేషనల్ ఛాంపియన్‌షిప్ గెలిచారు. నాకు అన్నిటికంటే పెద్ద ఫలితం అదే అనిపిస్తుంది, తెచ్చినవాడు వెళ్లిపోయినా పని పిల్లల చేతుల్లో నిలబడటం.

కార్తీక్, మీ కొత్త కోచ్ దగ్గరికి వెళ్లి ఒక్కటి అడుగు: "నేను వెనక్కి వెళ్లినప్పుడు ఎవరు వస్తున్నారు, సార్?" అని. వాడెవడో తెలిస్తే, స్నాప్‌కు ముందు నువ్వు ఎటు చూడాలో, ఎంత ముందుకు వంగాలో నీకే తెలుస్తుంది. ఆ వంగడం నిజంగా ఉరికేటప్పుడు ఎలా వంగుతావో అచ్చం అలాగే ఉండాలి. అద్దం ముందు చూసుకో. మేఘన ఫోన్‌లో వీడియో తీస్తుంది. రెండు రకాలూ తీసి, ఏది ఏదో చెప్పకుండా నాకు పంపండి. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక చూసి, ఏది ఏదో నేను చెబుతాను. నేను తప్పు చెబితే నువ్వు రెడీ అయినట్టే.

ఉంటాను మరి.

మీ తాతయ్య