ఏఎం మీట గురించి అడిగారుగా

పిల్లలూ,

మొన్న రాత్రి కారు రేడియోలో మీరు ఏఎం మీట నొక్కగానే గరగరమంటూ, ఆ వెనక ఎవరో వాదించుకుంటున్న గొంతులు వినిపించాయి. "ఇందులో పాటలు రావా తాతయ్యా?" అన్నారు. వచ్చేవమ్మా. అది తేలే కథ కాదని అప్పుడు ఊరుకున్నాను.

మీరు విన్నది 890 కిలోహెర్ట్‌జ్ మీద వచ్చే షికాగో స్టేషన్, డబ్ల్యూఎల్ఎస్. 1924లో సియర్స్ కంపెనీ పెట్టింది. 'ప్రపంచంలోకెల్లా పెద్ద దుకాణం' అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలే దాని పేరు. కేటలాగు చూసి పోస్టులో సరుకులు తెప్పించుకునే పల్లెజనం సియర్స్‌కి ముఖ్యం. కాబట్టి వాళ్ల చెవికింపైన ఫిడేలు, బాంజో, పల్లెపాటలు. శనివారం రాత్రయితే 'నేషనల్ బార్న్ డాన్స్' అనే పల్లెపాటల కార్యక్రమం. పాటలు పాడే కౌబాయ్ హీరో జీన్ ఆట్రీ సినిమాల్లోకి వెళ్లకముందు ఈ స్టేషన్‌లో పాడినవాడే. 1928లో స్టేషన్ ఒక రైతుల పత్రిక చేతికి పోయింది. వినేవాళ్లు వాళ్లే గనక పాటలూ అవే.

1960 మే 2న అంతా మారిపోయింది. అప్పటికి యజమాని ఏబీసీ అనే పెద్ద ప్రసార సంస్థ. సాయంత్రాలు పెద్దవాళ్లను టీవీ లాగేసుకుంది. కుర్రకారు చేతికి ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది. ఇక రోజంతా రాక్ అండ్ రోల్, జనం మెచ్చిన కొద్ది పాటలే మళ్లీ మళ్లీ. ముప్పై ఆరేళ్లు ఫిడేలు విన్న రైతు ఆ ఉదయం రేడియో పెట్టి ఏమనుకుని ఉంటాడో! ఆ పాటల్ని ప్రేమించిన నాకే ఇప్పటికీ అతని మీద జాలేస్తుంది.

నేను 1970లలో చదువుకోడానికి అమెరికా వచ్చి దిగింది షికాగోకి వందల మైళ్ల దూరానికి. పగలు ఆ స్టేషన్ అందేది కాదు. ఎండ ఉన్నంతసేపు ఆకాశంలో ఒక పొర ఈ అలల్ని మింగేస్తుంది. పొద్దుగూకాక అది కరిగిపోతుంది. ఇంకా పైనున్న పొర వాటిని నేలకి తిప్పి పంపుతుంది. 50,000 వాట్ల స్టేషన్ కదా, చీకటి పడేసరికి నా గదిలో ఉండేది. ఇక్కడివాళ్ల మాటల వేగం నా చెవికి అలవాటైంది ఆ అనౌన్సర్ల వల్లే.

మరి పాటలు ఎందుకు పోయాయంటారా? ఏఎంలో అల ఎత్తు హెచ్చుతగ్గులే శబ్దం. మెరుపు మెరిసినా, మోటారు తిరిగినా ఆ ఎత్తే చెదురుతుంది. ఏది పాటో, ఏది గరగరో రేడియోకి తెలీదు. ఎఫ్ఎం శబ్దాన్ని ఎత్తులో కాక అల ఊగే వేగంలో, అంటే సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న దానిలో దాస్తుంది. పైగా ఇక్కడ ఏఎం స్టేషన్‌కి శబ్దం పట్టించుకోడానికి దక్కే సందు 10 కిలోహెర్ట్‌జ్, ఎఫ్ఎంకి 200. 1961లో ఎఫ్ఎంకి స్టీరియో అనుమతి కూడా వచ్చింది. 1970ల చివరికి పాటలు వినేవాళ్లు అటు వెళ్లిపోయారు. గరగరలో వయొలిన్ బతకదు, మాట బతుకుతుంది. 1989లో డబ్ల్యూఎల్ఎస్ పాటలు మానేసి మాటలకు మారింది. నాకు చాలా బాధేసింది. అప్పటికి నేనూ పాటలకి ఎఫ్ఎమ్మే పెడుతున్నాను, అదీ నిజమే.

చలికాలం సెలవుల్లో రండి. రాత్రి ఊరి దీపాలు దాటాక కారు ఆపి 890 పెడదాం. గొంతు పక్కనే ఉన్నట్టుండి దూరంగా జారిపోతుంది. కంగారుపడి మీట తిప్పేయకండి, మళ్లీ వస్తుంది.

మీ
తాతయ్య