చిరుతిండికి వేళ ఎవరు పెట్టారు?

మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఎంత ఎడం ఉందన్నదాన్ని బట్టే చాలా దేశాల్లో చిరుతిండి వేళ కుదురుకుంది. స్పెయిన్‌లో రాత్రి భోజనానికి తొమ్మిది దాటడం మామూలే కాబట్టి సాయంత్రం 5, 6 గంటల ప్రాంతంలో ‘మెరియెండా’ పేరుతో ఏదో ఒకటి తింటారు. ఫ్రాన్స్‌లో బడి నుంచి వచ్చిన పిల్లలకు రొట్టె మధ్యలో చాక్లెట్ ముక్క పెట్టి ఇస్తారు. చిలీలో సాయంత్రపు టీతో పాటు రొట్టె, అవకాడో, జున్ను కూడా వడ్డించే ‘ఓన్సే’ ఎంత నిండుగా ఉంటుందంటే, చాలా ఇళ్ళలో ఇక రాత్రి భోజనం ఉండదు. దాన్ని చిరుతిండి అనడానికి నాకు మనసొప్పదు.

ఆ వేళకే ఆకలి వేయడానికి కడుపు ఖాళీ కావడం ఒక్కటే కారణం కాదు. ప్రధానంగా జీర్ణాశయంలో తయారై ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. రోజూ తినే వేళ దగ్గర పడేసరికి రక్తంలో దీని మోతాదు పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. ఒక సమాజం పాటించే వేళలను అక్కడివారి శరీరాలు ఇలా ఒంటబట్టించుకుంటాయి.

వేళకు ఇంత ప్రాధాన్యం ఎందుకో పళ్ళను చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. తీపి తిన్న ప్రతిసారీ నోటిలోని బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారు చేస్తుంది. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత దాదాపు 5.5 కన్నా తగ్గితే పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ కరగడం మొదలవుతుంది, పీహెచ్‌ను మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి లాలాజలానికి అరగంటో అంతకన్నా ఎక్కువో పడుతుంది. స్వీడన్‌లోని లుంద్ నగరంలో విపెహోల్మ్ అనే సంస్థలో 1940లలో ఈ సంగతిని పరీక్షించారు. అక్కడ ఉంటున్న బుద్ధిమాంద్యం గలవారిలో కొందరికి, పళ్ళకు అతుక్కునేలా ప్రత్యేకంగా చేయించిన టాఫీలను భోజనాల మధ్య పెట్టారు. భోజనంతో పాటు తిన్న చక్కెర వల్ల పెద్దగా హాని కలగలేదు గాని, మధ్యమధ్య తిన్న జిగురు టాఫీలు పళ్ళను పుచ్చిపోయేలా చేశాయి. ఆ మనుషుల సమ్మతి ఎవరూ అడగలేదు. ఫలితం ఎంత ఉపయోగపడినా అది ఘోరమైన అన్యాయమే, ఆ ప్రయోగం గురించి చెప్పిన ప్రతిచోటా ఆ మాట కూడా చెప్పి తీరాలి.

దాని ఫలితాలను బట్టే, పిల్లలకు మిఠాయిలు వారానికి ఒక్కరోజే ఇవ్వమని స్వీడన్ ఆరోగ్యాధికారులు సలహా ఇచ్చారు. శనివారం దుకాణానికి వెళ్ళి, నచ్చిన రకాలను చిన్న గరిటెతో కాగితపు సంచిలోకి తీసుకుని తూకం వేయించుకోవడం అక్కడి పిల్లలకు నేటికీ వారమంతా ఎదురుచూసే పండుగే. అలాగని స్వీడన్ వాళ్ళు మిఠాయిలకు దూరమేమీ కాలేదు. వాటిని ఎక్కువగా తినే దేశాల్లో అదీ ఒకటి. అక్కడి ఆచారం అదుపులో పెట్టాలని చూసింది మోతాదును కాదు, రోజుకు ఎన్నిసార్లు నోటికి తీపి తగులుతుందన్నదాన్ని.